పులిని ఎవరూ ఆగమనరు

మొన్న ఆఫీసులో లిఫ్ట్ కోసం నిలబడి ఫోన్లో రీల్స్ తోసుకుంటూ పోతున్నాను. ఎవరిదో పెళ్ళి డాన్సు, ఒక కుక్కపిల్ల, ఎవడో బిర్యానీ తినడం. ఆ తరవాత ఒక పెనం వచ్చింది. మనిషి పడుకునేంత పెద్ద ఇనప పెనం. అందులో ఉడుకుతున్న చెరుకు పాకం, పైన ఆవిరి, ఆవిరి వెనకాల చొక్కా లేకుండా చెయ్యెత్తి నిలబడిన ముసలాయన. లిఫ్ట్ వచ్చింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది. నేను ఎక్కలేదు.

ఆ చెయ్యి నాకు తెలుసు. కెమెరాకి రెండడుగుల పక్కన, తెర మీదకి రాని చోట, ముఖం నిండా అమ్మవారి మచ్చలతో ఒక పిల్ల నిలబడి ఉంది. అది నేను.

రీల్ కింద ఎవరో రాశారు: "మన పూర్వీకుల నల్లబెల్లం రహస్యం. అసలైన బెల్లం ఇదే. పచ్చగా మెరిసేదంతా మందులే." దాని కింద చప్పట్లు, దండాలు, గుండె బొమ్మలు. నాకు ఒళ్ళు మండింది. అక్కడే నిలబడి టైపు చేశాను: "ఇది రహస్యం కాదు, మాడిపోయిన పాకం. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను." ఒకడు నవ్వు బొమ్మ పెట్టాడు. ఇంకొకడు, "సిటీ అమ్మాయిలకి బెల్లం గురించి ఏం తెలుసు సిస్టర్" అన్నాడు. వాడితో మధ్యాహ్నం దాకా పోట్లాడాను. రీల్ మీద రిపోర్ట్ కొట్టాను. ఇందులో తప్పేమీ కనపడలేదని జవాబొచ్చింది. ఆ పేజీ నడిపేవాడికి పెద్ద మెసేజ్ పెట్టాను. వాడు బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకున్నాడు.

ఫోను బోర్లా పెట్టేసి కూచున్నాను. ముక్కులోకి ఎక్కణ్ణించో మాడు వాసన.

నాకప్పుడు పదకొండేళ్ళుంటాయి. విశాఖలో మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలందరికీ వరసగా అమ్మవారు పోసింది. నాకు తగ్గినా, మచ్చలు మానేదాకా రావద్దని స్కూలువాళ్ళు చెప్పేశారు. అమ్మకీ నాన్నకీ సెలవులు అయిపోయాయి. నన్ను తీసుకెళ్ళి చోడవరంలో పెద్దమ్మ దగ్గర దింపేశారు. చలి పోయి, ఎండ ఇంకా ముదరని రోజులు. చెరుకు నరికి బెల్లం వండే కాలం. ఊళ్ళోకి బస్సు తిరిగేసరికే గాలి తియ్యగా ఉండేది. రెండు రోజులకి ఆ తీపి తెలియడం మానేసింది. దుప్పటికీ, తువ్వాలుకీ, పెద్దమ్మ కొంగుకీ అదే వాసన.

పెద్దమ్మ వేపాకూ పసుపూ వేసి కాచిన నీళ్ళు పోసేది. పప్పూ అన్నమూ తప్ప ఇంకేమీ పెట్టేది కాదు. బీరువాలో చీరల వెనకాల మాడుగుల హల్వా డబ్బా ఉందని మూడో రోజుకే కనిపెట్టాను. పెద్దమ్మ స్నానానికి వెళ్ళగానే స్పూను పట్టుకుని బయల్దేరేదాన్ని. పైపైన తీస్తే తెలిసిపోతుందని డబ్బా గోడ వెంబడి తవ్వేదాన్ని. ఒకరోజు మధ్యలో మిగిలిన హల్వా అంతా స్తంభంలా ఒరిగిపోయింది.

"ఏమే, ఈ డబ్బాలో చీమలు దిగేయా, నువ్వు దిగేవా?" అంది పెద్దమ్మ.

"చీమలే పెద్దమ్మా."

"మా ఇంటి చీమలు స్పూన్లు వాడతాయేటే?" అని నెత్తిమీద మొట్టింది. మొట్టాక, మిగిలిన స్తంభంలో సగం విరిచి నా చేతిలోనే పెట్టింది.

మధ్యాహ్నాలు టీవీ. పెదనాన్న చేతిలో రిమోట్ ఉంటే పులులూ, సింహాలూ, సముద్రంలో తిమింగలాలూ. అప్పుడప్పుడే అవన్నీ తెలుగులో మాట్లాడడం మొదలుపెట్టాయి. గంభీరమైన గొంతొకటి వెనకాల నుంచి, "ఆకలితో ఉన్న ఈ తల్లి పులికి ఇదే ఆఖరి అవకాశం" అనేది. పెద్దమ్మ పప్పు గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయేది.

"మా చిన్నప్పుడు డాక్యుమెంటరీ వచ్చిందంటే లేచి అన్నం ఎసరు పెట్టుకునే టైమన్నమాట," అనేది. "వార్తలవగానే వేసేవారు. డ్యాములు, గొర్రెలకి టీకాలు. ఎవరు చూసేరు?"

"సినిమా హాల్లో కూడా వేసేవోరు," అనేవాడు పెదనాన్న. "ముందు అది, తరవాత సినిమా. అది నడుస్తుండగా జనం బయటకెల్లి బఠాణీలు కొనుక్కునేవోరు. ఇప్పుడు సూడు, చోడవరం అంతా పులి వెనకాల తిరుగుతున్నాది."

నిజమే. వడ్డాది రోడ్డులో పెదనాన్న చెరుకు ఆడించే చోట, రోడ్డు పక్కన టీ బడ్డీలో చిన్న టీవీ ఉండేది. అక్కడ సినిమా పాటలు పెడితే ఊరుకునేవారు కాదు, పులి పెట్టమనేవారు. అందరికన్నా ముందు బల్ల మీద కూచునేది పాకం తాత.

ఆయన పేరు నాకు ఎవరూ చెప్పలేదు. అందరూ అలాగే పిలిచేవారు. చెరుకు ఆడించేది ఒకరు, పిప్పి ఎండబెట్టి పొయ్యిలో ఎగదోసేది ఒకరు, పెనం దించేది నలుగురు. తాత పని చూడడం ఒక్కటే. పాకం ఎప్పుడు దించాలో చెప్పడం. చుట్టుపక్కల రైతులు ఆయన ఖాళీ చూసుకుని చెరుకు నరికించుకునేవారు. ఆయన చేతిలో ఒక్క పెనం కూడా మాడలేదని పెదనాన్న గొప్పగా చెప్పేవాడు, అదేదో తన గొప్పైనట్టు.

తాత పెనం పక్కన నిలబడి కళ్ళు మూసుకునేవాడు.

"కళ్ళు మూసుకుంటే ఎలా కనపడుతుంది తాతా?"

"సూసీది కాదే గుంటా, ఇనీది. ఇప్పుడు అరుస్తన్నాది గదా. కాసేపుంటే గొణుగుతాది. ఆ తరవాత నోరు మూసుకుంటాది. నోరు మూసుకున్నప్పుడే దించాల. రెప్పపాటు ఆలీసమైతే పోనాదే."

చెయ్యి పైకెత్తేవాడు. పెనం చెవుల్లో కర్రలు దూర్చి నలుగురూ వంగి సిద్ధంగా ఉండేవారు. చెయ్యి కిందకి పడేది. "దించండ్రా!" పెనం లేచేది. తొట్టిలోకి పాకం ఒంపితే తేనె రంగులో సాగుతూ దిగేది. గరిటె అంచుకి అంటుకున్నది గీకి, అరటాకు ముక్కలో వేసి నాకిచ్చేవాడు. నాలిక కాలేది. అయినా ఆగేదాన్ని కాదు.

పని లేనప్పుడు బడ్డీలో టీవీ ముందు ఆయన పక్కనే కూచునేదాన్ని.

"సినిమా ఎందుకు చూడవు తాతా?"

"సినిమాలో కట్టంటే ఈరో ఆగుతాడు, ఇలనూ ఆగుతాడు. అంతా ఆడి సెప్పినట్టే. ఇందులో అలగ కాదు. పులిని ఎవులూ ఆగమనరు. కెమెరా ఆయనే ఆగుతాడు. నెల్లాల్లు సెట్టెక్కి కూకుంటాడట. అదీ పనంటే."

"నీకెలా తెలుసు?"

"ఆ గొంతాయన సెప్పేడు."

"ఆయన అబద్ధం చెప్తే?"

తాత నన్ను జాలిగా చూశాడు. "గొంతాయన అబద్దం ఆడ్డే. ఆయనకేటవసరం?"

అందుకే ఆ డాక్యుమెంటరీ వాళ్ళు వచ్చి, పాతకాలం పద్ధతిలో బెల్లం వండేవాళ్ళ గురించి తీస్తామన్నప్పుడు, తాత పెదనాన్నకంటే ముందు తలూపాడు. ఎవరో తెలిసినవాళ్ళని పట్టుకుని వచ్చారు. ఒక గెడ్డం ఆయన, ఒక కెమెరా ఆయన, గొడుగులూ పెట్టెలూ మోసే ఇద్దరు. ఎవరికీ తెలుగు రాదు. తెలుగు తెలిసిన వాళ్ళ మనిషికి ఆ రోజు జ్వరం. పెదనాన్న నన్ను భుజం పట్టుకుని ముందుకి తోశాడు.

"మా పిల్లుంది కదండి. ఇంగ్లీషు మీడియం. ఇందీ కూడా వచ్చు."

మచ్చల ముఖంతో బయటకి రావడానికి ఏడ్చేదాన్ని, ఆ క్షణాన మచ్చలు మర్చిపోయాను. గెడ్డం ఆయన నాకు చెయ్యి అందించి హలో అన్నాడు. ఇంక నేను నేల మీద లేను.

తాత ఆ రోజు ఇస్త్రీ చేయించుకున్న తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. తలకి నూనె. గెడ్డం ఆయన చూసి, చొక్కా తీసేసి తలకి తువ్వాలు కట్టుకోమన్నాడు. అది నేను తెలుగులో చెప్పాల్సి వచ్చింది. గొంతు తగ్గించి చెప్పాను.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. తాత కూడా నవ్వి, "పులికి సొక్కా ఉంటాదేటే? ఇప్పీసుకుంటాన్లే," అన్నాడు. చొక్కా మడత చెదరకుండా విప్పి, పెద్దమ్మ పంపిన టిఫిను క్యారేజీ మీద పెట్టాడు.

పొద్దున్నుంచీ తీశారు. రసం పొయ్యడం, తెట్టు తియ్యడం, పిప్పి మంట. పాకం అరవడం, గొణగడం అయింది. తాత కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి పైకి లేచింది. నలుగురూ వంగారు.

"రుకియే, రుకియే!" అని అరిచాడు గెడ్డం ఆయన. కెమెరా అద్దానికి ఆవిరి పట్టేసింది. జేబులోంచి గుడ్డ తీసి తుడవడం మొదలుపెట్టారు. గెడ్డం ఆయన నావైపు చూసి ఒక వేలెత్తాడు. ఒక్క నిమిషం.

"తాతా, ఒక్క నిమిషం ఆగమంటున్నారు."

తాత కళ్ళు తెరిచాడు. గెడ్డం ఆయన్ని చూడలేదు. నన్ను చూశాడు. పాకం నోరు మూసుకుంది. నాకు కూడా వినపడింది ఆ మౌనం, అన్నాళ్ళు పక్కన నిలబడ్డాను కదా.

"ఆగాలా?" అన్నాడు.

నేను గెడ్డం ఆయన్ని చూశాను. ఆయన వేలు ఇంకా గాలిలోనే ఉంది.

"ఆగాలి తాతా."

ఆయన చెయ్యి పైనే ఉండిపోయింది. తేనె రంగు కాఫీ రంగైంది. వాసన మారింది, తీపి వెనకాల చేదు లేచింది. పెనం పట్టుకోబోయిన వాళ్ళలో ఒకడు, "తాతా!" అన్నాడు. పెదనాన్న గట్టు మీద నుంచి లేచాడు. పాకం చింతపండు పులుసులా నల్లబడుతుండగా అద్దం శుభ్రమైంది. గెడ్డం ఆయన చిటికేశాడు.

చెయ్యి కిందకి పడింది. "దించండ్రా," అన్నాడు తాత. అరుపు కాదది. పక్కనున్నవాళ్ళకి చెప్పినట్టు మెల్లగా అన్నాడు.

నల్లగా నిగనిగలాడుతూ తొట్టిలోకి దిగుతున్న పాకాన్ని చూసి కెమెరా ఆయన "వావ్" అన్నాడు. తాత పిప్పి కుప్ప మీద కూలబడి తొట్టినే చూస్తున్నాడు. కెమెరాని ఆయన ముఖం దగ్గరికి తీసుకెళ్ళారు. చాలాసేపు అలా ఉంచారు. అప్పుడు తాత కెమెరాలోకి చూసి చెప్పాడు. "ఇది మాడిపోనాది బాబూ. నా సేతిలో ఎప్పుడూ మాడనేదు. ఇది సూపించకండి."

గెడ్డం ఆయన నావైపు తిరిగాడు. ఏమంటున్నాడు?

పెదనాన్న నన్నే చూస్తున్నాడు. మాడిందని చెప్తే, ఎందుకు మాడింది అంటారు. ఆగమంది ఎవరు అంటారు. అప్పటికే ఏడుపొచ్చేస్తోంది, ఏడిస్తే ఇంగ్లీషు మీడియం పరువు పోతుంది.

"రెడీ అయింది అంటున్నాడు," అని చెప్పాను ఇంగ్లీషులో. ఆయన ఇంకా చూస్తూ ఉంటే, ఇంకో ముక్క కలిపాను. "ఇలాగే ఉండాలి అంటున్నాడు."

గెడ్డం ఆయన తలూపి, నా బుగ్గ తట్టి, చాక్లెట్ ఇచ్చాడు. అది నా గౌను జేబులోనే కరిగిపోయింది. పెద్దమ్మ ఉతికేటప్పుడు చూసి తిట్టింది. ఆ రోజుకి నాకు పడిన తిట్లు అవే. పెదనాన్న నన్ను ఒక్క మాట అనలేదు. పిల్లకేం తెలుసులే అనుకున్నాడు.

వేసవి సెలవుల్లో ఒక ఆదివారం అది టీవీలో వస్తుందని కబురొచ్చింది. మేము విశాఖ నుంచి వెళ్ళాం. పెద్దమ్మ పాకం గారెలు చేసింది. హాల్లో చాపలు పరిచారు. రైతులు వచ్చారు, పెనం దించే నలుగురూ వచ్చారు. తాత అదే తెల్ల చొక్కా వేసుకుని అందరికన్నా ముందు కూచున్నాడు. తెర మీద చొక్కా లేకపోతేనేం, ఇక్కడ ఉంది కదా అన్నట్టు గుండీలన్నీ పెట్టుకుని.

ముందు చెరుకు తోట. తరవాత పొయ్యి. అప్పుడొచ్చింది ఆ గొంతు. పులి గురించి చెప్పే అదే గొంతు. తాత నా చెయ్యి పట్టుకుని, "గొంతాయనే!" అన్నాడు.

చెయ్యెత్తిన తాత. ఆవిరి. నల్లటి పాకం. పిప్పి కుప్ప మీద ఆయన ముఖం తెర నిండా. పెదాలు కదులుతున్నాయి కానీ మాట వినిపించడం లేదు. దాని మీద గొంతాయన చెప్పాడు: "ఈ ముదురు రంగు కోసమే ఆయన అంతసేపు ఓపిగ్గా వేచి ఉన్నాడు. తరతరాల రహస్యం అది. ఇప్పుడు ఆయన కళ్ళలో తృప్తి."

హాల్లో గారె నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. అక్కడున్న ప్రతివాడికీ ఆ రంగేమిటో తెలుసు. వెనకాల నుంచి ఒకడన్నాడు, "ఏటి తాతా, మాడ్సీసి రాస్యం అన్నావేటి?" అందరూ ఒక్కసారి నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు. అలవాటుగా నవ్వే నవ్వే. తాత మాత్రం టీవీనే చూస్తున్నాడు.

"గొంతాయనకి అలగని ఎవులు సెప్పేరు?" అన్నాడు.

"ఆళ్ళే రాసుకుంటార్లే," అన్నాడు పెదనాన్న.

నేను పెద్దమ్మ వెనక్కి జరిగాను. చేతిలో గారె పళ్ళెంలో పెట్టేశాను.

ఆ రాత్రంతా పెద్దమ్మకి ఫోన్లు. హైదరాబాదు నుంచి, ఇంకెక్కడెక్కడి నుంచో. మీ ఊరు టీవీలో చూశాం, ఆ ముసలాయన ఎంత గొప్పవాడో అని. ఎక్కడెక్కడివాళ్ళకో ఆయన గొప్పవాడైపోయాడు. ఆయన్ని పనికి పిలిచే నాలుగూళ్ళలో మాత్రం నవ్వులాటైపోయాడు.

మరుసటి ఏడు కూడా ఆయన్ని పిలిచారట. పెద్దమ్మ ఫోన్లో అమ్మకి చెప్తుంటే విన్నాను. తాత చెయ్యెత్తగానే ఎవడో ఒకడు, "తాతా, ఒక్క నిమిషం ఆగు, కెమెరా వస్తన్నాది" అనేవాడట. సరదాకే. కొన్నాళ్ళు ఆయనా నవ్వాడట. ఒకరోజు ఎత్తిన చెయ్యి దించి, తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడట. పెదనాన్నే హడావుడిగా పరుగెత్తి పెనం దింపించాడట. తాత మళ్ళీ పొయ్యి దగ్గరికి రాలేదు. ఆ రోడ్డు పక్క టీ బడ్డీ ఆయన కూతురిదే, అందులో కూచునేవాడు. టీవీలో పులి వస్తే లేచి బయటకెళ్ళేవాడు.

ఇదంతా తెలిసీ ఇన్నేళ్ళు నేను నోరు విప్పలేదు. రోజూ ఫోన్లో ఎవడితోనో ఒకడితో నిజం గురించి పోట్లాడుతూనే ఉన్నాను.

ఈ ఆదివారం బస్సెక్కి చోడవరం వెళ్ళాను. పెద్దమ్మకి కూడా చెప్పకుండా తిన్నగా వడ్డాది రోడ్డుకి. చెరుకు ఆడించే చోట ఇప్పుడు సిమెంటు బస్తాల షెడ్డు. బడ్డీ ఉంది. టీవీ ఉన్నచోట మేకు ఒకటే మిగిలింది. టీ తాగేవాళ్ళందరూ ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటున్నారు. మూల బల్ల మీద తాత. చూపు బాగానే ఉంది, చెవులే తగ్గాయని కూతురు చెప్పింది.

నేను ఎవరో చెప్పాను. "మచ్చల గుంటవి! ఇంగిలీసు గుంటవి!" అని నవ్వాడు.

గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది. బడ్డీలో అందరూ వింటుండగా. "తాతా, ఆ రోజు మాడిపోయింది, చూపించకండి అన్నావు నువ్వు. నేను అది చెప్పలేదు. రెడీ అయింది, ఇలాగే ఉండాలి అన్నావని చెప్పాను. గొంతాయనకి అలా చెప్పింది నేనే."

టీ గ్లాసు రెండు చేతుల మధ్యా తిప్పాడు. వినపడలేదేమో అనుకున్నాను. మళ్ళీ చెప్పే ధైర్యం లేదు.

"సిన్న గుంటవి. బయపడ్డావు," అన్నాడు. "నువ్వు ఆగమన్నావు, నిజమే. ఆగింది నాను గదా. ఏ రైతు ఆగమన్నా ఆగనోన్ని, కెమెరా సూసి ఆగీసేను. పులైతే ఆగునేటి?"

నాకు కోపం రావాల్సినంత వచ్చింది. ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. ఆగమన్న గెడ్డం ఆయన పేరు కూడా నాకు తెలియదు.

"ఇప్పుడు అందరి పోనుల్లోనూ తిరుగుతున్నాదట. తియ్యించీలేవా?" అన్నాడు.

"ప్రయత్నించాను తాతా. అవ్వదు."

"ఏదీ, సూపించు."

ఫోను ఆయన ముందు పెట్టాను. పొయ్యి, ఆవిరి. తాత వంగి చూస్తున్నాడు. తెర మీద ఆయన చెయ్యి లేచింది. పాకం ఇంకా తేనె రంగులోనే ఉంది.

"ఆపీ! ఇక్కడ ఆపీ!" అన్నాడు.

వేలు తెర మీద ఒత్తి పట్టాను. ఆవిరి ఎక్కడిదక్కడ నిలబడిపోయింది. నలుగురూ వంగి సిద్ధంగా ఉన్నారు. తాత కళ్ళు మూసుకున్నాడు. చెవులు వినపడని మనిషి దేనికోసమో విన్నాడు. బల్ల మీద నుంచి చెయ్యి కాస్త పైకెత్తి, కిందకి వదిలాడు.

"దించండ్రా," అన్నాడు.

తెర మీద ఎవరూ కదల్లేదు. ఆయన కళ్ళు తెరవలేదు. నా వేలు నొప్పి పుట్టింది, వేలి కింద అద్దం వేడెక్కింది. వేలు తీస్తే మళ్ళీ నడుస్తుంది.